బీట మీద గాజు

రాత్రి పదకొండూ నలభైకి, మూడు క్షణాలు.
స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
బీరువా తలుపు తనంతట తానే తెరుచుకుని
సిగ్గుపడినట్టు మూసుకుంది.
అంతే.

కాళ్ళ కింద నేల కదిలిపోయిందని
ఎన్నిసార్లు అని ఉంటానో,
ఉద్యోగం పోయినప్పుడు, స్కానింగ్ రిపోర్టు చేతికిచ్చినప్పుడు.
నిజంగా కదిలినప్పుడు మాత్రం
లారీ అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

పొద్దున్నే పాటరీ టౌన్‌లో పంచాయతీ,
ఇడ్లీ బండి దగ్గర.
కింద సొరంగం తవ్వేవాళ్ళదే పాపమన్నాడు వజ్రవేలు.
పరిహారం దరఖాస్తు అప్పటికే జేబులో ఉంది.
మెట్రో ఆఫీసు కుర్రాడు
"ఆ రాత్రి మా యంత్రం సెలవులో ఉంది సార్" అన్నాడు,
మనిషి గురించి చెప్పినట్టు, కాస్త ప్రేమగా.

భూగోళం మాస్టారు శ్రీకంఠయ్య
గొడుగు మొనతో రోడ్డు మీద దక్కను పీఠభూమి గీశారు.
"ఇది ముసలి బండ.
ఉత్తరాన కొండల్ని తోసీ తోసీ
ఆ నొప్పి ఇక్కడి మోకాలికి తెలుస్తుంది.
ముసలివాళ్ళు నిద్రలో ఒత్తిగిలరా?"
కాదు, కనకపుర వైపు క్వారీ పేల్చారని ఒకడు.
కాదు, యుద్ధ విమానమని ఒకడు.
చప్పుడు పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో
తేల్చుకోలేని పేట మాది.

మునెప్ప మాత్రం నోరు విప్పలేదు.
ముప్పై ఏళ్ళు బోరు బండి మీద బతికినవాడు.
ఎనిమిదొందల అడుగులు, వెయ్యి, పద్నాలుగొందలు,
తెల్ల దుమ్ములో పళ్ళు మాత్రమే కనిపించేవట ఇంటికొస్తే.
ఆకు మడిచి
"నేనూ పెట్టాను కొన్ని కన్నాలు" అన్నాడు,
ఎవరూ అడక్కముందే.
ఎన్ని?
"లెక్క ఓనరుది. నీళ్ళు పడ్డవి గుర్తున్నాయి.
పడనివాటికి రాయి మూతేసి వచ్చేశాం."
కాసేపు ఎవరి చట్నీ వాళ్ళు చూసుకున్నాం.
ఆ కన్నాల నీళ్ళతోనే కదా
అందరం మొహాలు కడుక్కొచ్చాం.

నేను ఏ పక్షమూ కాదు. నాకు జీతం గాజుకి.
గోడలో బీట ఉన్నచోట, అడ్డంగా,
వేలెడంత గాజు పలక,
రెండు కొసలా ప్లాస్టర్ ముద్ద, పక్కన తేదీ.
గోడ కదిలితే పగులుతుంది.
కదిపిందెవరో దానికి అక్కర్లేదు.

ఆ రోజు ఇల్లిల్లూ తిరిగాను.
నూట పన్నెండింట్లో పగిలినవి నాలుగు.
ఒకటి పిల్లాడి బంతి, తల్లే ఒప్పుకుంది.
ఒకటి దుమ్ము పట్టిన పగులు,
ఏ కుదుపూ లేని ఏదో మంగళవారం విరిగి ఉంటుంది.
వజ్రవేలు ఇంట్లోది మధ్యలో కాదు, ఓ కొసన,
సుత్తి తలంత గుండ్రంగా.
అతని భార్య కాఫీ తెచ్చి నా చేతివంకే చూస్తోంది.
"పగిలింది" అని రాశాను. ఎలా అన్నది
ఫారంలో గడి లేదు.

కుమ్మరి చెంగలమ్మ అటకలో
ఒక్క పచ్చి కుండా పడలేదు.
"మట్టి ఆరేటప్పుడు జరుగుతుంది లేమ్మా,
తడి పోయిన వైపు ముడుచుకుంటుంది. కోపమేం కాదు."
మరి ఆరబెట్టిందెవరు, అన్నాను.
చక్రం ఆపలేదు.
"ఎండా ఆరబెడుతుంది.
నేనూ ఆరబెడతాను."

నాలుగోది మా ఇంట్లోనే,
మంచం తలాపున, నిలువునా, నిజాయితీగా.
ఆ రాత్రి కొత్త గాజు అతికించి తేదీ వేశాను.
భయం కాదు, ఎందుకైనా మంచిదని
మంచాన్ని గోడకు దూరంగా ఈడ్చాను.
కింది వాటాలో లైటు వెలిగింది.
ఎవరో మెట్ల మీదికి పరిగెత్తుతూ
"మళ్ళీనా?" అంటున్నారు.